ఊరు విడిచినా వీడని పేరు.. ఘంటసాల

ప్రాచీన రేవుపట్టణం నుంచి తెలుగింటి పేరు వరకు

మచిలీపట్నం: 'ఘంటసాల' అన్న మాట చెవిన పడగానే తెలుగువారికి మొదట స్ఫురించేది ఒక కంఠస్వరం. ఆ తరువాతే ఆ కంఠానికి యజమాని అయిన మనిషి గుర్తుకు వస్తారు. ఆ మాట వెనుక ఒక ఊరు ఉన్నదన్న సంగతి కృష్ణా జిల్లా దాటితే చాలామందికి తెలియదు. క్రీస్తుశకం 2వ శతాబ్దంలోనే గ్రీకు భూగోళ గ్రంథానికి ఎక్కిన ఊరు అది. బౌద్ధ స్తూపం, ఓడల వ్యాపారం, శాసనాలు గల ఆ గ్రామం కొన్ని కుటుంబాలకు ఇంటిపేరుగా మారి, ఒక గాయకుని ద్వారా తెలుగునాట ప్రతి ఇంటికీ చేరింది.

ఇంటిపేరు పెళ్లి సంబంధాల వేళ అడిగి తెలుసుకునే వివరం మాత్రమే కాదు. మన పూర్వీకులు ఎక్కడివారో, ఎటు నుంచి ఎటు నడిచివచ్చారో చెప్పే ఆనవాలు. ఎన్నో సామాన్య కుటుంబాలకు వంశచరిత్ర కాగితం మీద లేదు. తాతకు తాత పేరు అడిగితే చెప్పలేనివారికి సైతం ఆరేడు తరాల కిందటి ఊరిపేరు ఇంటిపేరు రూపంలో నోట నిలిచి ఉంటుంది. ఆ పేరు ఇప్పుడు దరఖాస్తులలో ఒక్క పొడి అక్షరంగా కుదించుకుపోతున్నది. ఈ నేపథ్యంలో ఘంటసాల అనే ఇంటిపేరు పుట్టుక, అర్థం, ప్రాచుర్యం తెలుసుకోదగినవి.

ఎక్కడిదీ ఊరు?

కృష్ణా డెల్టాలో మచిలీపట్నానికి పడమరగా, చల్లపల్లికి సమీపాన ఘంటసాల గ్రామం ఉంది. అదే పేరుతో మండలం కూడా ఉంది. అవనిగడ్డ శాసనసభ నియోజకవర్గంలోని ఈ మండలంలోనే శ్రీకాకుళం గ్రామం ఉంది. అక్కడి ఆంధ్ర మహావిష్ణువు ఆలయానికి, శ్రీకృష్ణదేవరాయల 'ఆముక్తమాల్యద'కు గల సంబంధం సాహిత్యాభిమానులకు తెలిసినదే. కూచిపూడి, మొవ్వ, మోపిదేవి, పెదకళ్లేపల్లి వంటి పేరున్న ఊళ్లన్నీ ఈ చుట్టుపక్కలవే.

ఘంటసాలను ఆనుకొని ఘంటసాలపాలెం అనే గ్రామం కూడా ఉంది. చుట్టూ వరి పొలాలు, కాలువలు. నేడు చూసేవారికి ఇది డెల్టాలోని పచ్చని పల్లెలలో ఒకటిగానే కనిపిస్తుంది. ఒకప్పుడు ఇక్కడి వర్తకులకు సముద్ర వ్యాపారంతో సంబంధం ఉండేదంటే నమ్మడం కష్టం. శాసనాలు మాత్రం ఆ మాటే చెబుతున్నాయి.

కంటకసోల నుంచి ఘంటసాల దాకా

క్రీస్తుశకం 2వ శతాబ్దానికి చెందిన గ్రీకు భూగోళ శాస్త్రవేత్త టాలెమీ తన గ్రంథంలో తూర్పుతీరంలోని 'మైసోలియా' ప్రాంతాన్ని పేర్కొన్నాడు. కృష్ణానది ముఖద్వార ప్రాంతాన్నే ఆయన ఆ పేరుతో పిలిచాడని చరిత్రకారులు భావిస్తారు. ఆ ప్రాంతంలోని వ్యాపార కేంద్రాలలో ఒకటిగా 'కొంటకొస్సిల' అనే పేరును ఆయన నమోదు చేశాడు. అది నేటి ఘంటసాలే అన్నది పండితులు విస్తృతంగా అంగీకరించిన విషయం.

ఈ గుర్తింపునకు బలమైన ఆధారం శాసనాలే. నాగార్జునకొండలో దొరికిన ఇక్ష్వాకుల కాలపు ప్రాకృత శాసనం ఒకటి ఉన్నది. వీరపురుషదత్తుని పాలనాకాలంలో బోధిసిరి అనే ఉపాసిక చేసిన దానధర్మాలను అది వివరిస్తుంది. అందులో 'కంటకసెల'లోని మహాచైత్యం ప్రస్తావన ఉన్నది. ఘంటసాలలోనే దొరికిన ప్రాకృత శాసనాలలో 'కంటకసోల' అన్న రూపం కనిపిస్తుంది. వీటిని లిపిని బట్టి క్రీస్తుశకం 3వ శతాబ్ది ప్రాంతానికి చెందినవిగా గుర్తించారు.

ఆ శాసనాలలోనే 'మహానావికుడు' అన్న బిరుదు గల వ్యక్తి ప్రస్తావన కూడా ఉన్నది. ఓడలు నడిపించే పెద్దకు ఆ బిరుదు ఉండేది. పొలాల మధ్యనున్న పల్లెలో నావికుని శాసనం దొరకడం ఈ ఊరి పూర్వవైభవానికి నిదర్శనం. కృష్ణమ్మ తెచ్చి పోసిన ఒండ్రుమట్టితో డెల్టా వేల ఏళ్లుగా సముద్రంలోకి పెరుగుతూ వచ్చింది. తీరం వెనక్కు జరిగే కొద్దీ పాత రేవులు పొలాల నడుమ మిగిలిపోయాయి.

గ్రామంలోని మట్టిదిబ్బల కింద బౌద్ధ స్తూపం ఉన్నట్లు 19వ శతాబ్దిలో గుర్తించారు. ఆ శతాబ్దం చివరిలో అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు జరిపించారు. స్తూపం లోపలి ఇటుక గోడలను బండిచక్రం ఆకుల వలె నడుమ నుంచి అంచు వరకు కట్టిన తీరు బయటపడింది. ఆంధ్రదేశపు బౌద్ధ నిర్మాణాలలో ఇది ప్రత్యేకమైన పద్ధతి. ఇక్కడి శిల్పాలలో కొన్ని పారిస్ నగరంలోని గిమే మ్యూజియానికి చేరాయి. స్తూపం దిబ్బ కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడాల జాబితాలో ఉంది.

గంటల శాల కాదు

ఇప్పటి రూపాన్ని విడదీస్తే ఘంటసాల అంటే 'గంటల శాల' అని ఎవరికైనా తోస్తుంది. గొప్ప గాయకుని ఇంటిపేరు కావడం వల్ల ఆ అర్థం మరీ అందంగా అతికినట్లు కనిపిస్తుంది. అయితే శాసనాలలోని పాతరూపం గంటతో మొదలు కాలేదు. కంటకసోల, కంటకసెల అన్నవే పాత రూపాలు. కాలక్రమంలో జనుల నోట 'కంటక' అన్నది 'ఘంట'గా, 'సోల' లేదా 'సెల' అన్నది 'సాల'గా మారాయి.

'కంటక' అన్న మాటకు రెండు వ్యాఖ్యానాలు ఉన్నాయి. సంస్కృతంలో కంటకమంటే ముల్లు. 'సెల' అన్న ప్రాకృత పదానికి శైలం, అంటే కొండ అని అర్థం. ఆ లెక్కన ఇది కంటకశైలం అవుతుంది. మరొక వ్యాఖ్యానం బౌద్ధానికి సంబంధించినది. సిద్ధార్థుడు రాజభవనం విడిచి వెళ్లిన రాత్రి ఎక్కిన గుర్రం పేరు కంథకం. బౌద్ధక్షేత్రం కావడం వల్ల ఆ గుర్రం పేరే ఊరికి వచ్చి ఉండవచ్చునని కొందరి అభిప్రాయం.

ఏది ఒప్పుకున్నా ఒక సంగతి మాత్రం స్పష్టం. ఇంటిపేరు అర్థాన్ని నేటి రూపాన్ని బట్టి ఊహించరాదు. ఆ పేరుగల ఊరు ఏది, ఆ ఊరిని పూర్వం ఏమని పిలిచేవారు అన్నది తెలుసుకున్న తరువాతే అర్థం వెతకాలి. ఈ సూత్రం ఘంటసాలకే కాదు, ఊరిపేరు నుంచి పుట్టిన ప్రతి ఇంటిపేరుకూ వర్తిస్తుంది.

ఊళ్లో ఉన్నవారికి ఊరిపేరు రాదు

తెలుగు ఇంటిపేర్లు పలు విధాలు. కరణం, కమ్మరి వంటివి వృత్తిని, కొలువును తెలిపేవి. వేదాంతం, జోస్యుల, సోమయాజుల వంటివి విద్యను, అనుష్ఠానాన్ని తెలిపేవి. చింతా, వేముల, మామిడి వంటివి చెట్ల పేర్లు. పూర్వపురుషుని పేరే ఇంటిపేరుగా నిలిచిన వంశాలూ ఉన్నాయి. ఒక్క కూచిపూడి గ్రామాన్నే తీసుకుంటే వేదాంతం, చింతా, వెంపటి, పసుమర్తి వంటి ఇంటిపేర్లు నాట్యకళకే పర్యాయపదాలుగా మారాయి.

వీటన్నింటిలో ఊరిపేర్ల నుంచి వచ్చిన ఇంటిపేర్లు చాలా ఎక్కువగా కనిపిస్తాయి. ఈ రకం పేర్ల వెనుక చిన్న తర్కం ఉంది. ఘంటసాల గ్రామంలో నివసించే మనిషిని ఆ గ్రామస్తులు 'ఘంటసాల వారు' అని పిలవరు. అక్కడ అందరూ ఘంటసాల వారే. ఆ కుటుంబం ఊరు విడిచి మరొక చోట ఇల్లు కట్టుకున్న రోజున ఆ కొత్త ఊరివారికి వీరిని గుర్తుపట్టే మాట ఒకటి కావాలి. 'ఘంటసాల నుంచి వచ్చినవారు' అన్న గుర్తు వాడుకలో 'ఘంటసాల వారు'గా కుదురుకుంటుంది. తరువాతి తరంలో అదే ఇంటిపేరు అవుతుంది.

అందువల్ల ఊరిపేరు ఇంటిపేరుగా కలవారు సాధారణంగా ఆ ఊరి నుంచి తరలిపోయిన వారి సంతతి. ఇంటిపేరు నిలిచి ఉన్న చోటు వేరు, అది పుట్టిన చోటు వేరు. కరవు, యుద్ధం, ఉప్పెన, అగ్రహార దానం, కొలువు, పెళ్లి, భూమి.. కారణం ఏదైనా కావచ్చు. కారణం మరుగున పడినా ఊరిపేరు మాత్రం మిగిలింది. ఒక్కమాటలో చెప్పాలంటే, ఊరు విడిచినవారికే ఊరిపేరు దక్కింది.

ఈ తర్కానికి తెలుగు చరిత్రలో ఉదాహరణలు కోకొల్లలు. సంగీత త్రిమూర్తులలో ఒకరైన త్యాగయ్య ఇంటిపేరు కాకర్ల. ఆయన 1767లో పుట్టినది తమిళనాట తిరువారూరులో. కాకర్ల ఆయన పూర్వీకుల తెలుగు గ్రామం. రాష్ట్రపతిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో తిరుత్తణిలో జన్మించారు. సర్వేపల్లి నెల్లూరు జిల్లాలోని గ్రామం. కందుకూరి వీరేశలింగం 1848లో రాజమహేంద్రవరంలో పుట్టారు. ఇంటిపేరులో ఉన్నది కందుకూరు.

మహాకవి గురజాడ అప్పారావు 1862లో నాటి విశాఖపట్నం జిల్లా రాయవరంలో జన్మించి, విజయనగరంలో జీవితం గడిపారు. గురజాడ గ్రామం మాత్రం కృష్ణా జిల్లా పామిడిముక్కల మండలంలో ఉంది. ఉత్తరాంధ్ర గర్వంగా చెప్పుకునే ఇంటిపేరు కృష్ణా తీరపు ఊరిపేరే కావడం విశేషం.

ఊరు 'ఊరి'గా మారేది ఇలా

ఊరిపేరు ఇంటిపేరుగా మారేటప్పుడు తెలుగు వ్యాకరణం తన పని తాను చేస్తుంది. 'కందుకూరు వారు' అనము, 'కందుకూరి వారు' అంటాము. ఊరు అన్న పదం మరొక పదానికి ముందు చేరినప్పుడు 'ఊరి' అవుతుంది. వ్యాకరణవేత్తలు దీనిని ఔపవిభక్తికం అంటారు. వేటూరు వేటూరి కావడం, నందమూరు నందమూరి కావడం, చెరుకూరు చెరుకూరి కావడం ఈ పద్ధతిలోనివే. 'పాడు'తో ముగిసే ఊరు 'పాటి' అవుతుంది. రావిపాడు నుంచి రావిపాటి ఆ విధంగా ఏర్పడింది.

ఘంటసాల, గురజాడ, తాళ్లపాక వంటి పేర్లు 'అ'కారంతో ముగుస్తాయి కనుక వాటికి ఈ మార్పు లేదు. ఊరిపేరు, ఇంటిపేరు ఒకే రూపంలో ఉంటాయి. తమ ఇంటిపేరు ఏ ఊరి నుంచి వచ్చినదో తెలుసుకోగోరేవారు చివరి 'ఊరి'ని 'ఊరు'గా, 'పాటి'ని 'పాడు'గా మార్చి చూసుకుంటే మూలగ్రామం పేరు చాలావరకు బయటపడుతుంది. అయితే ఒకే పేరుగల ఊళ్లు రెండు మూడు జిల్లాలలో ఉండవచ్చు. అప్పుడు ఇంటి పెద్దలు చెప్పే ఇలవేల్పు, గోత్రం, పాత బంధుత్వాలు దారి చూపుతాయి.

ఇంటిపేర్లు నిన్నమొన్నటివి కావు. కాకతీయుల కాలం నాటికే రేచర్ల, మల్యాల, గోన వంటి వంశనామాలు స్థిరపడి ఉన్నాయి. 1213లో పాలంపేట రామప్ప దేవాలయాన్ని కట్టించినది రేచర్ల రుద్రుడు. 'రంగనాథ రామాయణం' రచించినది గోన బుద్ధారెడ్డి. ఎనిమిది వందల ఏళ్ల కిందటి వ్యక్తులను నేటికీ ఇంటిపేరుతోనే గుర్తిస్తున్నాము.

పేరు ఒకటి.. ఇళ్లు వేరు

ఒక ఊరి నుంచి ఒకే కుటుంబం బయలుదేరాలన్న నియమం లేదు. వేర్వేరు కాలాలలో, వేర్వేరు కుటుంబాలు, వేర్వేరు దిక్కులకు వెళ్లి ఉండవచ్చు. వారందరికీ ఒకే ఊరిపేరు ఇంటిపేరు అవుతుంది. కనుక ఇంటిపేరు కలిసినంత మాత్రాన రక్తసంబంధం ఉన్నట్లు కాదు. ఒకే ఇంటిపేరు భిన్న కులాలలో, భిన్న గోత్రాలలో కనిపించడానికి కారణం ఇదే.

ఘంటసాల విషయంలో ఇది తెలుగు సినీ చరిత్రలోనే కనిపిస్తుంది. గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న గుడివాడ సమీపంలోని చౌటపల్లిలో జన్మించారు. ఆయన కంటే ముందే చలనచిత్ర రంగంలో స్థిరపడిన నిర్మాత, దర్శకుడు ఘంటసాల బలరామయ్య నెల్లూరు జిల్లా పొట్టేపాళెంలో పుట్టారు. ఇద్దరి ఊళ్లు వేరు, కుటుంబాలు వేరు. ఇద్దరూ ఘంటసాల గ్రామంలో పుట్టినవారు కారు. ఇంటిపేరు మాత్రం ఒక్కటే.

బలరామయ్య 'సీతారామ జననం' (1944) చిత్రంలో అక్కినేని నాగేశ్వరరావుకు కథానాయకునిగా అవకాశం ఇచ్చారు. ఆయన దర్శకత్వం వహించిన 'బాలరాజు' (1948) చిత్రంలో ఘంటసాల వెంకటేశ్వరరావు పాడారు. ఒకే ఊరిపేరును మోస్తున్న రెండు కుటుంబాలవారు ఆ విధంగా మద్రాసులో ఒకే చిత్రానికి పనిచేశారు.

నేటి ప్రముఖ సంగీత దర్శకుడు తమన్ బలరామయ్యకు మనుమడు. ఆయన అసలు పేరు ఘంటసాల సాయి శ్రీనివాస్. 'అల వైకుంఠపురములో' (2020) చిత్రానికి జాతీయ అవార్డు అందుకున్న ఈ సంగీత దర్శకుని ఇంటిపేరు ఘంటసాల అని తెలిసినవారు తక్కువే. చిత్రాలలో కనిపించే పేరులో ఇంటిపేరు లేకపోవడమే అందుకు కారణం. ఒక ఇంట ఇంటిపేరే లోకమంతటికీ తెలిసింది. మరొక ఇంట అది తెర వెనుకకు వెళ్లింది.

ఇంటిపేరే మనిషి పేరైన వేళ

ఘంటసాల అనే ఇంటిపేరు గలవారు సంఖ్యలో ఎక్కువమంది అని చెప్పలేము. ఊరూరా వినిపించే ఇంటిపేర్ల కోవలోకి ఇది రాదు. అయినా ఈ పేరు తెలియని తెలుగు ఇల్లు లేదు. ఆ ప్రాచుర్యమంతా ఒక్క మనిషి కష్టార్జితం.

వెంకటేశ్వరరావు తండ్రి సూర్యనారాయణ భజనలలో, తరంగాలు పాడటంలో పేరున్నవారు. చిన్ననాడే తండ్రిని పోగొట్టుకున్న ఆ బాలుడు సంగీతం నేర్చుకోవాలన్న పట్టుదలతో విజయనగరం వెళ్లాడు. అక్కడ పట్రాయని సీతారామశాస్త్రి శిష్యరికంలో విద్య పూర్తి చేశాడు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని బళ్లారి సమీపంలోని అలీపురం జైలులో శిక్ష అనుభవించారు. తరువాత మద్రాసు చేరి, 'స్వర్గసీమ' (1945) చిత్రంతో నేపథ్య గాయకునిగా తొలి అడుగు వేశారు. సుమారు మూడు దశాబ్దాలు తెలుగు పాటకు ఆయన గొంతే చిరునామాగా నిలిచింది. 1970లో పద్మశ్రీ అందుకున్నారు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు.

ఆయనను వెంకటేశ్వరరావు అని కాక ఘంటసాల అని లోకం పిలవడంలోనూ అర్థం ఉంది. ఏడుకొండలవాని పేరు పెట్టుకున్నవారు తెలుగునాట ప్రతి వీధిలో ఉంటారు. ఆ పేరొక్కటే చెబితే 'ఏ వెంకటేశ్వరరావు?' అన్న ప్రశ్న తప్పదు. ఇంటిపేరు చెబితే ఆ ప్రశ్నకు తావు లేదు. సొంతపేరు పలువురితో పంచుకున్నది, ఇంటిపేరు అరుదైనది. కనుకనే అరుదైన మాట నిలిచింది.

ప్రతిభావంతులను ఇంటిపేరుతో పిలుచుకోవడం తెలుగువారి సంప్రదాయం. కందుకూరి, గురజాడ, సముద్రాల, పింగళి, వేటూరి.. ఇవన్నీ ఇంటిపేర్లే. ఘంటసాల గ్రామానికి సమీపంలోని పెదకళ్లేపల్లి ఇందుకు చక్కని ఉదాహరణ. పండితుడు వేటూరి ప్రభాకరశాస్త్రి, సినీకవి వేటూరి సుందరరామమూర్తి ఇద్దరూ ఆ ఊరివారే. ఇంటిపేరులో మాత్రం వేటూరు ఉన్నది.

విజయవాడలోని ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలకు ఘంటసాల వేంకటేశ్వరరావు పేరు పెట్టారు. హైదరాబాద్ రవీంద్రభారతి ప్రాంగణంలో ఆయన విగ్రహం ఉన్నది. 2003లో తపాలా శాఖ స్మారక బిళ్ల విడుదల చేసింది. వీటన్నిటికంటే పెద్ద స్మారకం ఆయన పాడిన భగవద్గీత. పల్లెలో తెల్లవారుజామున మైకులో ఆ గొంతు వినిపిస్తే గుడిలో ఉత్సవమో, ఊళ్లో ఎవరైనా కాలం చేశారో అని జనం చెవి ఒగ్గుతారు. శుభానికీ అశుభానికీ ఒకే గొంతు తోడుండటం అరుదైన గౌరవం.

ఒక్క పొడి అక్షరంగా..

గొప్పవారి ఇంటిపేరును పూర్తిగా పలుకుతున్న మనమే మన ఇంటిపేరును ఒక్క ఆంగ్ల అక్షరానికి కుదించుకున్నాము. పాఠశాల రిజిస్టరులో 'జి' అన్న అక్షరం ఘంటసాల కావచ్చు, గురజాడ కావచ్చు, గుడివాడ కావచ్చు. అది ఏమిటో బడిలో అడిగేవారు లేరు. ఇంట్లో చెప్పే పెద్దలు ఉన్నంతవరకే ఆ అక్షరానికి అర్థం.

ఈ అక్షరం చివరకు చిక్కులు తెచ్చిపెడుతున్నది. మన సంప్రదాయంలో ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక. పాస్‌పోర్టులో సర్‌నేమ్, గివెన్ నేమ్ అని రెండు గడులు ఉంటాయి. పదో తరగతి ధ్రువపత్రంలో 'జి' అని మాత్రమే ఉండి, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు ఉంటే రెండింటికీ పొంతన కుదరదు. ఆంగ్లంలో 'ఘ' రాయడానికి 'జి' పక్కన 'హెచ్' చేర్చినవారు కొందరు, చేర్చనివారు కొందరు. ఒకే ఇంటి అన్నదమ్ములకు కాగితాలలో రెండు ఇంటిపేర్లు ఏర్పడటానికి ఆ ఒక్క అక్షరం చాలు. పొలం పాసుపుస్తకం, బ్యాంకు ఖాతా, పింఛను పత్రం, వారసత్వ ధ్రువీకరణ.. ఎక్కడ తేడా వచ్చినా తిరగవలసినది ఆ కుటుంబమే.

విదేశాలకు వెళ్లేవారికి ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో సొంతపేరు తెలియదన్న అర్థంలో 'ఎఫ్ఎన్‌యూ' అన్న అక్షరాలు ముద్రిస్తారు. తండ్రి పెట్టిన ముద్దుపేరు ఇంటిపేరు గడిలోకి చేరుతుంది. పాస్‌పోర్టులో ఒకే పేరున్న ప్రయాణికులను సందర్శక వీసాపై అనుమతించబోమని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2022 నవంబరులో ప్రకటించింది. ఇంటిపేరును వదిలివేసుకున్న కుటుంబాలు అప్పుడు దాని విలువ గుర్తించవలసి వచ్చింది.

బిడ్డకు ఏ ఇంటిపేరు?

పెళ్లయిన స్త్రీ భర్త ఇంటిపేరును స్వీకరించడం తెలుగునాట పాతుకుపోయిన ఆచారం. పుట్టింటి ఇంటిపేరు ఆమెతోనే ఆగిపోతుంది. ధ్రువపత్రాలలో పుట్టింటిపేరు, రేషన్ కార్డులో అత్తింటిపేరు ఉండటం వల్ల కలిగే అవస్థలు మహిళలకు అనుభవమే. పెళ్లి తరువాత ఇంటిపేరు మార్చుకొని తీరాలన్న చట్టం ఏదీ లేదు.

బిడ్డ ఇంటిపేరు విషయంలో 2022 జూలైలో సుప్రీంకోర్టు కీలక తీర్పు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసు అది. భర్త మరణించిన తరువాత మరో వివాహం చేసుకున్న తల్లి, తన బిడ్డకు ఏ ఇంటిపేరు ఉండాలన్నది నిర్ణయించవచ్చునని న్యాయస్థానం స్పష్టం చేసింది. బిడ్డకు సహజ సంరక్షకురాలు తల్లేనని పేర్కొంది. ఇంటిపేరు వంశానికి గుర్తు మాత్రమే కాదని, బిడ్డ ఏ ఇంట పెరుగుతున్నదో ఆ ఇంటితో కలిపే బంధమని ఈ తీర్పు ద్వారా తేలింది. తెలుగులో దానిని వంశపుపేరు అనక 'ఇంటి' పేరు అనడంలోని ఔచిత్యం ఇక్కడ బోధపడుతుంది.

జాగ్రత్త పుట్టుకతోనే

ఇంటిపేరు చిక్కులకు మందు జనన నమోదులోనే ఉన్నది. బిడ్డ పుట్టిన 21 రోజులలోగా జననాన్ని నమోదు చేయించాలి. అప్పటికి పేరు నిర్ణయించకపోతే ఏడాదిలోగా రుసుము లేకుండా, ఆ తరువాత 15 ఏళ్ల వరకు రుసుముతో పేరు చేర్పించే వీలుంది. 2023 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చిన చట్టసవరణ ప్రకారం, ఆ తేదీన గాని ఆ తరువాత గాని పుట్టినవారికి బడిలో చేరిక, పాస్‌పోర్టు, ఓటరు నమోదు వంటి వాటికి జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి, స్థలానికి ఆధారం. కనుక ఆ పత్రంలోని పేరు సరిగా ఉండటం ఎంతో అవసరం.

ఇంటిపేరును పొడి అక్షరంగా కాక పూర్తిగా రాయించాలి. ఇంట్లో పెద్దవారి పత్రాలలో ఆంగ్ల అక్షరక్రమం ఏ విధంగా ఉన్నదో చూసి అదే ఖరారు చేసుకోవాలి. తెలుగులో రాసేటప్పుడు ఒత్తులు, దీర్ఘాలు సరిచూసుకోవాలి. నమోదు రోజున అరగంట శ్రద్ధ వహిస్తే ముప్పై ఏళ్ల తరువాత కార్యాలయాల చుట్టూ తిరిగే పని తప్పుతుంది.

దీనితోపాటు ప్రతి ఇంట చేయదగిన పని మరొకటి ఉంది. ఇంటిపేరు ఏ ఊరిది, ఆ ఊరు ఎందుకు విడిచారు, నడుమ ఏయే ఊళ్లలో ఉన్నారు, ఇలవేల్పు ఎవరు అన్న వివరాలను పెద్దలను అడిగి ఒక పుస్తకంలో రాసి ఉంచుకోవాలి. తమిళనాడులో స్థిరపడిన తెలుగు కుటుంబాలు దీనికి ఆదర్శం. అక్కడ ప్రభుత్వ కాగితాలలో తండ్రి పేరు తొలి అక్షరమే చెల్లుబాటు అవుతున్నా, పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు ఇంటిపేరు అడిగి తెలుసుకునే అలవాటు తరాలుగా సాగుతున్నది. కాగితం మరచినా నోరు మరవలేదు.

'ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు' అని సామెత. పేరు గొప్పదైతే చాలదు, దానికి తగిన నడత ఉండాలని దాని భావం. ఘంటసాల వెంకటేశ్వరరావు అందుకు భిన్నమైన ఉదాహరణ. ఆయనకు ఇంటిపేరు ఇచ్చినది ఒక ఊరు. ఓడలు వెళ్లిపోయి, స్తూపం దిబ్బగా మారి, లోకం మరచిన ఆ ఊరిపేరును మళ్లీ ప్రతి ఇంటికీ చేర్చినది ఆయన పాట.

మహానావికుని పేరు రాతిమీద ఉన్నందున దొరికింది. ఊరిపేరు ఇంటిపేరులో ఉన్నందున నిలిచింది. తమ ఇంటిపేరులో ఏ ఊరు దాగి ఉన్నదో తెలిసిన పెద్దలు ప్రతి గ్రామంలో ఇప్పటికీ ఉన్నారు. వారు ఉండగానే అడిగి రాసుకోవలసిన బాధ్యత నేటి తరానిది.